వరదవేళ ఇల్లు కదలుట

ఇల్లు మారుట యనిన పట్టణవాసులకు జ్ఞప్తికి వచ్చునవి యజమాని యిచ్చిన గడువును, బండి కూలియును, క్రొత్తయింటి గుమ్మమునకు కట్టవలసిన మామిడాకులును. నెలదినముల గడువు చాలలేదని వారు నొచ్చుకొనుటయు నేనెఱుగుదును. గోదావరి లంకలలో కాపురముండువారికి ఆ గడువు ఒక పగలు, ఒక రాత్రి. ఒక్కొక్కయేడు అదియు లేదు. కదలవలసినది అద్దె యింటినుండి కాదు, తాతలనాటి సొంత యింటినుండి. ఎన్నాళ్లకు తిరిగివత్తుమో, వచ్చునాటికి గోడలు నిలిచియుండునో లేదో తెలియకయే కదలవలయును. అట్టి కదలికను గూర్చియే నేటి ప్రసంగము. నేను లంకయూరికి కోడలిగా వచ్చినదానను. నలుబది యేండ్లుగా ఈ పని చేయుచున్నదానను గనుక, వినువారిలో ఏటియొడ్డు వారికి కొంతయైన నుపయోగపడునని తలచి చెప్పుచున్నాను.

లంక యనగా నేమో ఎఱుగని శ్రోతలకొఱకు ఒక్కమాట. ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలగును. వసిష్ఠనుండి మఱల వైనతేయము చీలును. ఈ పాయల కిరువైపులను ఏటిగట్లు కలవు. గట్టునకు వెలుపల నున్న యూళ్లను గట్టు కాచును. గట్టునకు లోపల, ఏటి నడుమ, ఏటేట వరద తెచ్చిన ఒండ్రు పేరుకొని యేర్పడిన మెఱకలే లంకలు. ఆ మట్టిలో అరటి, కొబ్బరి, తమలపాకు, కూరగాయలు విరివిగా పండును. ఎరువు కొని వేయనవసరము లేని నేల యని మా మామగారు గొప్పగా చెప్పుకొనెడివారు. ఆ యెరువు తెచ్చునది వరదయే గదా! కాని మమ్ము కాచు గట్టు మాకు లేదు. గట్టు మాకు ఆవలి యొడ్డు. ప్రాణము దక్కించుకొనుటకు మేము ఏఱు దాటి చేరవలసిన చోటు.

వరద మా యాకాశమునుండి రాదు. పైవారికి ఇది వింతగా తోచును. గోదావరి నాసికము చెంత త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరును. పెద్ద వరదను తెచ్చునవి ముఖ్యముగా నడుమ వచ్చి కలియు నదులు: కాళేశ్వరము నొద్ద ప్రాణహిత, దాని దిగువ ఇంద్రావతి, భద్రాచలము దాటిన పిదప కూనవరము నొద్ద శబరి. విదర్భలోను, ఛత్తీస్‌గఢ్ అడవులలోను నాలుగైదు దినములు ఎడతెగని వాన కురిసినచో ఆ నీరంతయు మా గుమ్మము ముందుగనే సముద్రమునకు పోవలయును. ఆ దినములలో కోనసీమయందు చినుకైనను పడకపోవచ్చును. పెరటిలో వడియములు ఎండుచుండగా, ఆకాశము నిర్మలముగా నుండగా, మూటలు కట్టుకొని యిల్లు విడుచుట యెంత కష్టమో ఊహింపుడు. కన్ను నమ్మని దానిని చెవి చెప్పగా విని కదలవలయును. లంకలలో ప్రాణములు పోయినచో నాకు తెలిసినంతవఱకు సగము కారణ మిదియే.

ఇక చెవికి చేరు వార్త యెట్టిది? భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులు చేరినపుడు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టు 16వ తేదీన అచ్చట 75.6 అడుగులు వచ్చెను. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులు వచ్చెను. ధవళేశ్వరమున హెచ్చరికలు వేఱు: 11.75 అడుగులకు మొదటిది, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. అప్పుడు బ్యారేజి దాటి పోవు నీరు వరుసగా దరిదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కనగా సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు. అనగా 28 లీటర్లు, మన కొలతలో ఇంచుమించు రెండు బిందెలు. 1986లో ధవళేశ్వరము దాటినది 35 లక్షల క్యూసెక్కులు. ఒక్క సెకండులో డెబ్బది లక్షల బిందెలన్నమాట.

భద్రాచలపు అడుగులను ధవళేశ్వరపు అడుగులతో పోల్చరాదు. కొలబద్దల మొదళ్లు వేఱు. భద్రాచలమున ఏబది మూడడుగులట, మనకు పదునేడే గదా యని నిశ్చింతగా కూర్చుండినవారిని నేను చూచియున్నాను. భద్రాచలమును దాటిన నీరు ధవళేశ్వరము చేరుటకు సుమారొక దినము పట్టును. ఆ దినమే మాకు దైవ మిచ్చిన గడువు. అయితే శబరి కలియునది భద్రాచలమునకు దిగువ గనుక, భద్రాచలపు లెక్క నొక్కదానినే విని ఊరకుండరాదు. శబరిపై కుంట యొద్ద నీరెట్లున్నదో కూడ విచారింపవలయును. భద్రాచలమున తగ్గుచున్నదని చెప్పినను, శబరి పొంగినచో మాకు పెరుగుచునే యుండును. తిథిని కూడ చూడవలయును. అమావాస్యకును పున్నమకును సముద్రపు పోటు హెచ్చు. పోటువేళ ఏటినీరు సముద్రములోనికి దిగక వెనుకకు నిలుచును. లంకలోని ముసలివారు వరద వార్త వినగనే పంచాంగము తీయుట మూఢనమ్మకము కాదు.

పూర్వము ఈ వార్తను దండోరా వేసి చాటెడివారు; రేడియోలో వినెడివారము. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే గంటగంటకు తెలియుచున్నది. కేంద్ర జలసంఘమువారు ముందు రానున్న మట్టమును కూడ అంచనా కట్టి చెప్పుచున్నారు. వార్త యంత త్వరగా వచ్చుచున్నను మావారు కదలుటలో త్వరపడలేదు. ఎందుకనగా వారు లెక్కించునది ఇంటి గడప చేరు నీటిని. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిచ్చటనే యున్నది. లంకవారికి గడువు నీరు గడపకు వచ్చువఱకు కాదు, కాజ్‌వే మునుగువఱకే. కనకాయలంక వంటి యూళ్లకు ఒడ్డునుండి తక్కువ యెత్తున కట్టిన కాజ్‌వేయే బాట. ధవళేశ్వరమున మొదటి హెచ్చరిక రాకమునుపే అట్టి బాటపై నీరు పాఱుట కలదు. బాట మునిగిన పిమ్మట ట్రాక్టరు రాదు, ఆటో రాదు. పడవయే గతి. పడవ యొక్కసారి పట్టునది పదిమంది, నాలుగు మూటలు. ట్రాక్టరుపై రెండు గంటలలో చేయదగిన పని పడవపై రెండు దినములు పట్టును. ఊరిలోనికి నీరు రాకముందే, యిల్లు పొడిగా నున్నపుడే, గడువు తీరిపోయినదని యెఱుగవలయును. కావున మా యింట భద్రాచలపు రెండవ హెచ్చరిక వినగనే బరువు సామాను ఒడ్డు చేరును. వరద రాకపోయినచో తిరిగి తెచ్చుకొందుము. ఇరుగుపొరుగు నవ్వుదురు. నవ్వనిండు.

ఏమి ముందు, ఏమి తరువాత? ఈ వరుసను నేను మా అత్తగారివద్ద నేర్చితిని. ఆమె 1953 ఆగస్టు వరదను చిన్నతనమున చూచినది. పురుషులు మొదట బీరువాకడకు పోవుదురు, నగలు, పైకము, చీరలు మూటకట్టుదురు. ఆమె మాత్రము వంటింటిలోనికి పోయి, "అమ్మాయ్, ముందు పొయ్యి సామాను కట్టవే. బీరువా ఎక్కడికీ పోదు, పిల్లలకు ఆకలి గంటలో వస్తుంది" అనెడిది. ఒక గిన్నె, దానికి సరిపడు మూత, గరిటె, రెండు కంచములు, బిగువుమూత డబ్బాలో అగ్గిపెట్టె, ఉప్పు, చింతపండు, ఎండుమిరప, రెండునాళ్లకు బియ్యము, అటుకులు, బెల్లము. ఇవన్నియు ఒక్క గోనెసంచిలో పట్టును. దానితోపాటు మూతవేసిన రెండు బిందెల మంచినీరు. చుట్టును నీరే యున్నపుడు త్రాగు నీటికే కఱవు. గట్టుమీద చేరిన మొదటిరాత్రి సర్కారువారి పులిహోర పొట్లము వచ్చునో రాదో చెప్పలేము. వచ్చినను చంటిబిడ్డలకును, చక్కెరవ్యాధి కలవారికిని అది పనికిరాదు.

మనుష్యులలో మొదట పోవలసినవారు గర్భిణీలు, బాలింతలు, మంచమునుండి లేవలేనివారు. వీరిని పగటివేళనే, బాట పొడిగా నుండగనే పంపవలయును. రాత్రిపూట కుదుపుచున్న పడవలో నిండు చూలాలిని ఎక్కించుట నేనొకసారి చూచితిని. మరల చూడగోరను. ముసలివారి మందులు పదునైదు దినములకు సరిపడునట్లు వేఱే సంచిలో, వైద్యుడు వ్రాసిన చీటితోకూడ నుండవలయును. మాత్రల పేరు వారు చెప్పలేరు. ఎఱ్ఱనిది, తెల్లనిది యని మాత్రము చెప్పుదురు.

కాగితముల మాట కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. జనులు రిజిస్టరు దస్తావేజులను ప్రాణముగా చూచుకొని, వానిని కాపాడబోయి మిగిలినవానిని విడుతురు. నిజమునకు రిజిస్టరైన దస్తావేజు పోయినచో రిజిస్ట్రారు కచేరిలో నకలు దొఱకును. ఆధార్ కార్డు, బియ్యపు కార్డు, బ్యాంకి పుస్తకము మఱల తెచ్చుకొనవచ్చును. తిరుగుట మాత్రమే కష్టము. నకలు లేనివి వేఱు గలవు. అప్పునకు వ్రాయించుకొన్న ప్రామిసరీ నోటు పోయినచో సొమ్ము రాబట్టుట చాల కష్టము. దానికి కాలదోషపు గడువు మూడేండ్లు. అసలు కాగితమే ఋజువు. అన్నదమ్ములు పంపకములు చేసికొని రిజిస్టరు చేయింపక పెద్దమనుష్యుల సంతకములతో నుంచుకొన్న కాగితము అట్టిదే. పిల్లల చదువు సర్టిఫికెట్లు మఱల రాకపోవు గాని, ఏండ్లు పట్టును. ఛాయాచిత్రములు అసలే రావు. ఈ నాలుగింటిని ముందు చూచుకొనవలయును. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతబిగువైన స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నగలమూటతో కాక వంటసంచిలో నుంచవలయును. నగలమూటపై దొంగ కన్నుండును. చింతపండు సంచిపై ఎవరికి నుండును? వరదకాలము రాకముందే, జ్యేష్ఠమాసములోనే, ఈ కాగితము లన్నిటిని ఫోనులో ఫొటోలు తీసి దూరపు బంధువులకు పంపియుంచుట ఈనాటి సదుపాయము. మా చిన్నకోడలు చెప్పి చేయించినది.

ధాన్యమును గూర్చి మా యింటి యనుభవమే చెప్పుదును. మా వసారా స్తంభముమీద 1953 వరద గుర్తొకటి కలదు. మా మామగారి తండ్రిగారు మేకుతో గీసిన గీత యది. ఆ గీతకు రెండు జానల మీదుగా అటక కట్టించిరి. నీరు రానిచోటని అందఱకు నమ్మకము. 1986 శ్రావణములో ధాన్యపు బస్తాలు పదునాలుగు అటకకెక్కించి, మేము గట్టుకు చేరితిమి. ఆ యేడు నీరు ఆ గీతను మ్రింగి, అటకనుకూడ ముంచినది. తిరిగివచ్చునప్పటికి బస్తాలలో వడ్లు మొలకెత్తి, గోనె కన్నములగుండ తెల్లని మొలకలు బయటకు వచ్చియుండెను. ఆ మీదట మేము తిండిగింజలను అటకపై నుంచుట మానివేసితిమి. నాలుగు బస్తాలు ఒడ్డుననున్న చుట్టములయింట వేసవిలోనే చేర్చుదుము. చుట్టములకు సంవత్సరమునకొక అరటిగెల, కొన్ని కొబ్బరికాయలు బాడుగ.

అటకపై పెట్టదగినవి వేఱు: మంచముల పట్టీలు, పరుపులు, కుట్టుమిషను, మిక్సీ. నేలనుండి తీయలేని బీరువా, చెక్కపెట్టె, మంచములను కొబ్బరితాళ్లతో స్తంభమునకు కట్టి విడువవలయును. చెక్కసామాను నీటిలో తేలును. తేలిన మంచము రాత్రియంతయు ఇంటిలో తిరుగుచు గోడలను పొడుచుచుండును. వంటగ్యాసు బండయు అట్లే. గ్యాసు నిండియున్నను అది మునుగదు, తేలి వాకిలి దాటి పోవును. దాని మీట బిగించి, రబ్బరుగొట్టము తీసి, పైమూత వేసి, కిటికీచువ్వకు కట్టవలయును. కరెంటు మీటరుకడనున్న పెద్దమీట నార్పవలయును.

మట్టిగోడల యిల్లు కలవారు తలుపులన్నియు బిగించి, సందులు గుడ్డలతో కుక్కిపోవుదురు. నీరు లోనికి రాకుండ చేయవలెనని వారి యూహ. కాని నీరు బయట మొలలోతు నిలిచి, లోపల లేకపోయినచో ఆ బరువంతయు గోడ యొక్కవైపుననే మోయవలసివచ్చును. లోపలి నీరు, బయటి నీరు సమముగా నున్న గోడకే నిలుచుటకు వీలెక్కువ. తలుపులు తెఱచిపొమ్మనుట దొంగభయమువలన కుదరదు. మురుగుతూమును మూయకుండిన చాలును.

పశువుల సంగతి వచ్చునప్పటికి మగవారు మొండికెత్తుదురు. లంకకాపునకు గేదె యనగా ఇంటిలో సగము. పాడిగేదెను పంటుమీద నెక్కించుట పెండ్లికూతును పల్లకి యెక్కించుటకంటె కష్టము. చప్పుడునకు బెదరి నీటిలో దూకును. లంకల పశువులు ఈదగలవు. కొంద ఱొడ్డుదాక తోకపట్టుకొని తోలుకొనిపోవుదురు. అయితే ఇదంతయు నీరు నెమ్మదిగా నున్నపుడే. ఎఱ్ఱనీరు సుడులు తిరుగుచున్నపుడు ఏనుగైన నిలువదు. ముందుగా ఒడ్డుకు తోలలేనివారు చివరిపడవ యెక్కునపుడు పలుపులు విప్పివేయుట మఱువరాదు. కట్టుగొయ్యకు కట్టియుండి చచ్చిన పశువులను 1986లో లెక్కలేనన్ని చూచితిమి. విడిచినవానిలో కొన్ని దిగువయూళ్లలో గట్టెక్కినవి. ఒడ్డున మేతకొఱకు ఎండుగడ్డి ముందే పంపవలయును. మనుష్యులకు పొట్లములు తెచ్చువారు గేదెకు గడ్డి తెచ్చుట ఎప్పుడో మూడవనాటి మాట.

ప్రతి యూరిలోను ఇద్దఱు ముగ్గురు కదలమని కూర్చుందురు. వారిని తెలివిమాలినవా రనుట న్యాయము కాదు. ఒకరికి ఇంటిలో దాచిన సొమ్ము చింత. వేఱొకరికి 'క్రిందటి యేడును ఇట్లే చెప్పిరి, చీలమండదాక రాలేదు' అను ధైర్యము. ఆడువారు శిబిరమునకు పోమనుటకు కారణము వేఱు, దానిని వారు మగవారితో చెప్పరు. బడి గదిలో రెండువందలమంది. మఱుగుదొడ్డి యొకటి, దానికి గొళ్లెము లేదు. మేమొక యేడు చేరిన శిబిరమున ఆడపిల్లలు చీకటిపడువఱకు నీరు త్రాగుటయే మానివేసిరి. అధికారులు పడవలు ఎన్ని, పొట్లములు ఎన్ని యని లెక్కింతురు. తలుపుగల మఱుగుదొడ్లెన్ని యని ముందుగా లెక్కించినచో, మొదటి కేకకే సగము ఇండ్లు ఖాళీ యగునని నా నమ్మకము. మా వీధిలో ఒక వృద్ధుడు 1986లో కదలనని భీష్మించి, రాత్రి నీరు పెరుగగా దూలమెక్కి, దూలమునుండి కప్పుమీదికెక్కి, మఱునాటి మధ్యాహ్నమువఱకు నడికొప్పున కూర్చుండెను. ఆయనను దింపుటకు పోయిన పడవలో మా మఱిదియు నొకడు. ఆ ప్రవాహములో కొబ్బరిచెట్ల నడుమ పడవ నడుపుట నలుగురి ప్రాణములతో పని. కదలనివాని మొండితనమునకు వెల చెల్లించువారు తఱచుగా వేఱొకరు.

ఎగువనున్నవారి కష్టము మాకంటె పెద్దది. కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతములలో గోదావరి పొంగినపుడు శబరినీరు దిగుటకు చోటులేక వెనుదన్నును. ఒక్కరాత్రిలో ఊరు రెండు నదుల నడుమ చిక్కును. వారికి గట్టు లేదు, గుట్ట కలదు. 2022లో కోయలు, కొండరెడ్లు పసిబిడ్డలతో గుట్టలెక్కి టార్పాలిను క్రింద దినములు గడపిరి. పోలవరము నొద్ద కాఫరుడ్యాము కట్టి, 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపునకు త్రిప్పినప్పటినుండి దేవీపట్నము వంటి యూళ్లలోనికి నీరు ముందుకంటె త్వరగా వచ్చి, ఎక్కువకాలము నిలుచుచున్నది. వారిలో ననేకులు వరదకని కదలి, పునరావాస కాలనీలలోనే స్థిరపడవలసివచ్చెను. తిరిగివత్తుమని కదలుట వేఱు, రామని కదలుట వేఱు. దానిని గూర్చి వారే చెప్పవలయును, నేను చెప్పరాదు.

తిరిగివచ్చుటలోను ఒక పద్ధతి యున్నది. నీరు తీయుచున్నదని విన్నవెంటనే మగవారొకరిద్దఱు ముందు పోవలయును, పిల్లలను తీసికొనిపోరాదు. మట్టిగోడ నీటిలో నున్నంతకాలము నిలిచి, నీరు తీసిన రెండవనాడో మూడవనాడో కూలును. నానిన గోడకు ఆనుకొనియున్న నీటి ఊతము పోవుటయే కారణము. ఇల్లు దక్కినదని సంతోషించి ఆ గోడప్రక్కన పడుకొన్నవారు మఱి లేవలేదు. పాములు కప్పులోను, పొయ్యి గూటిలోను, చుట్టిన చాపలలోను చేరియుండును. వెదురుకఱ్ఱతో తట్టకుండ దేనిని తాకరాదు.

ఒండ్రును గూర్చి గృహిణులకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. ఇంటిలో జానెడు, మూరెడు మేటవేసిన బురదను ఎండనిచ్చి తరువాత తీయుదమనుకొనుట పొరపాటు. ఎండిన ఒండ్రు ఇటుకవలె బిగియును, గునపముతో పెకలింపవలయును. నీరు మోకాలిలోతునుండి చీలమండకు దిగుచుండగనే, ఆ నీటితోనే, చీపుళ్లతో కలియబెట్టి వాకిలిగుండ బయటకు త్రోయవలయును. ఏటినీరు తెచ్చినదానిని ఏటినీటితోనే పంపవలెనని మా అత్తగారు చెప్పెడిది. ఒక్కపూట ఆలస్యమైనచో నాలుగు దినముల చాకిరి. తీసిన ఒండ్రును పారవేయకుడు. కూరపాదులకు అంతకంటె మంచి యెరువు లేదు.

తడిసిన కాగితములను ఎండలో పఱచినచో ముడుతలుపడి చిట్లును; నీడలో, గాలిపాటున ఆరవేయవలయును. ఒకదానికొకటి అంటుకొన్న ఛాయాచిత్రములను పొడిగానుండగా లాగరాదు. శుభ్రమైన చల్లనినీటిలో కొంతసేపుంచినచో వానియంతట అవి విడును. కరెంటు తీగలు, మీటలు పూర్తిగా ఆరి, తెలిసినవాడు చూచువఱకు పెద్దమీట వేయరాదు.

బావినీటిని వెంటనే త్రాగరాదు. ముందు బావిలోని మురికినీటిని తోడివేసి, ఊరిన నీటిలో ఆరోగ్యశాఖవారు చెప్పిన కొలతకు బ్లీచింగు పొడి కలిపి, గంటసేపైన ఆగవలయును. అటుపిమ్మటను కొన్నినాళ్లు కాచిన నీటినే త్రాగుట మేలు. వరదలో కొట్టుకొనిపోయినవారికంటె వరద తరువాత వాంతులు, భేదులతో మంచమెక్కినవారినే మా యూరిలో ఎక్కువమందిని చూచితిని.

నష్టము లెక్కవ్రాయువారు సాధారణముగా నీరు తీసిన కొలదిదినములకే వత్తురు. వారు వచ్చునప్పటికి మనము ఇల్లు కడిగి, ముగ్గుపెట్టియుండుట కలదు. వారికి నష్ట మెచ్చటనో కనబడదు. అందుచేత కడుగుటకు ముందే కూలిన గోడను, మొలకెత్తిన బస్తాను, చచ్చిన పశువును, గోడమీది నీటిచారను ఫోనులో ఫొటోలు తీసియుంచుకొనవలయును. వారు వచ్చునాడు ఇంటివారిలో నొకరైన ఇంటివద్ద నుండి, పేరును, బ్యాంకి లెక్క సంఖ్యను వారెట్లు వ్రాసికొన్నారో చదివించుకొని వినవలయును. కౌలుకు చేయువారు తమ పేరు వ్రాయింపక ఊరకుండినచో, పంట పోయినది వారికి, పరిహారము వచ్చునది భూస్వామికి.